థర్మామీటర్‌లో కనపడని జ్వరం

2022 జనవరి. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలోని పల్లెలకు అప్పట్లో నేను పట్టు పరిశ్రమ టెక్నికల్ అసిస్టెంట్‌ని. పేరు వింటే పెద్ద ఉద్యోగం అనిపిస్తుంది గానీ, నిజానికి నేను పురుగుల డాక్టర్ని. నా రోగులు మాట్లాడవు, నొప్పి ఎక్కడో చెప్పవు, మందు ఏమిటో తేల్చే లోపలే సగం చచ్చి కూర్చుంటాయి. స్కూటీ మీద షెడ్డు షెడ్డుకీ తిరిగి, ఎవరి పంట ఎందుకు చెడిందో కనిపెట్టడం నా పని. పంట బాగుంటే నన్నెవరూ తలుచుకోరు, చెడితేనే ఫోను. బయటికి చెప్పుకుంటే బాగుండదు గానీ, నాకూ చెడిన పంటలంటేనే ఆసక్తి. కూపీ లాగేదాకా అన్నం సయించదు. “నువ్వు పోలీసుల్లో చేరాల్సిందానివి, పురుగుల్లో చేరినావు” అని కుప్పంలో మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఈ పని తెలియని వాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. పట్టుపురుగు గుడ్డులోంచి బయటపడ్డాక గూడు కట్టే లోపల నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. పుస్తకాల్లో దాన్ని మౌల్ట్ అంటారు. మా రైతులు జ్వరం అంటారు. అప్పటిదాకా గబగబా ఆకు తిన్న పురుగు ఉన్నట్టుండి మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. ఒక రోజు గడిచాక పాత చర్మం వదిలేసి, కొత్త ఆకలితో లేస్తుంది. మొదటి రెండు జ్వరాలూ చాకీ సెంటర్లో, అంటే పసిపురుగుల్ని పెంచే చోట అయిపోతాయి. మూడోది, నాలుగోది రైతు షెడ్డులో. నాలుగో జ్వరం లేచాయంటే ఇక వాటి ఆకలికి అడ్డే ఉండదు, బండ్లకొద్దీ మల్బరీ కొమ్మలు కోసి వేయాల్సిందే. ఇదంతా సక్రమంగా జరగాలంటే షెడ్డులో ఉష్ణోగ్రత ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి.

చెంగమ్మ ఆ పల్లెల్లో పేరు మోసిన మనిషి. అసలు పేరు ఇది కాదు, నేనే మార్చాను. నలభై ఏడో, ఎనిమిదో ఉంటాయి. ఆమె చేతివాసి గొప్పదని చుట్టుపక్కల రైతులు కొత్త షెడ్డు మొదలుపెడితే తొలి మేత ఆమెతోనే వేయించుకునేవాళ్ళు. షెడ్డు గోడకి మేము థర్మామీటర్ తగిలించి వచ్చినా ఆమె దానివైపు చూసేది కాదు.

“అది యాలకి మేడం? నా ఒళ్ళే నాకు తర్మామీటరు” అనేది.

గొప్పలు పోతోందేమోనని ఒకసారి పరీక్ష పెట్టాను. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, “ఇరవై ఆరుంటాది, రెండు కిటికీలు తెరవాల” అంది. పోయి చూస్తే ఇరవై ఆరే. ఆ రోజు నుంచి నేను నోరు మూసుకున్నాను.

అలాంటి చెంగమ్మ ఇంట్లో వరసగా రెండు పంటలు పోయాయి. మూడో పంట వచ్చేసరికి ఆమె భర్త రెడ్డెప్ప ఫోన్ చేశాడు. “మేడమ్మా, మల్లా అదే కత. పురుగులు ఎగుడుదిగుడుగా ఉండాయి. ఒకసారి వచ్చి సూసి పోండమ్మా.”

పోయి చూశాను. ఒకే పడకలో కొన్ని పురుగులు మూడో జ్వరంలో తల ఎత్తి ఉన్నాయి, కొన్ని ఇంకా మేస్తున్నాయి. అన్నీ ఒక్కసారే జ్వరంలో పడి, ఒక్కసారే లేవాలి. లేకపోతే లేచినవాటికి మేత వేస్తే లేవనివి ఆకు కింద నలిగిపోతాయి, రోగం అక్కడే మొదలవుతుంది. సరే, ఆకు చూశాను, లేతగా నిగనిగలాడుతోంది. చాకీ పురుగులు పక్క రైతు తెచ్చిన సెంటర్‌వే, అతని పంట శుభ్రంగా ఉంది. షెడ్డు కడిగారు, సున్నం చల్లారు. థర్మామీటర్ చూశాను, ఇరవై ఐదు. హీటర్ తిరుగుతోంది. ఎక్కడా తప్పు దొరకలేదు. నాకు తిక్క లేచింది.

వసారాలో వక్కాకు నములుతూ కూర్చున్న రెడ్డెప్ప తల్లి నాగమ్మ నా అవస్థ చూసి నవ్వింది. ఆమె కూడా కుప్పం ఆడపడుచే, పురుగుల పని పుట్టింటి నుంచి నేర్చుకొచ్చి ఈ ఇంటికి అంటించిన మనిషి.

“నువ్వు ఆకుల్లో ఎతుకు, గుడ్లల్లో ఎతుకు తల్లీ. ఉండేది ఆడ కాదు” అంది.

“మరి యాడుండాది నాగమ్మవ్వా?”

“ముట్టు సోకింది.” కోడలి వైపు చేయి చూపించింది. “ఏడాదిగా దీనికి దినాలు ఒక తీరుగా లేవు. ఒక నెల రాదు, ఇంకో నెల రెండుసార్లు. యానాడు వస్తాదో దానికే తెలీదే, ఇంక పురుగులకేం రక్ష? పై పంట నుంచి ఇది షెడ్డు గడప తొక్కేదానికి లేదు. ముందే చెప్పేసినా.”

పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో ఇది పాత కట్టుబాటు. ముట్టు రోజుల్లో ఆడవాళ్ళు షెడ్డులోకి పోరు. రెడ్డెప్ప నా ముఖం చూడలేక తువ్వాలు సర్దుకున్నాడు. “ఆమె లేకుంటే నా ఒకని చేతిలో అయ్యే పని కాదు మేడమ్మా. ఈ పంట గూడా పోతే తోట పెరికేసి టమాటా పెట్టేస్తా” అన్నాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడే చెంగమ్మ తల వంచుకుని మల్బరీ కొమ్మలు విరుస్తూనే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆమెకి పేరు తెచ్చిన చోటు ఆ షెడ్డొక్కటే. ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు కూడా అదొక్కటే.

రెండు రోజుల తర్వాత పుంగనూరులో మీటింగు ఉంటే పొద్దున్నే బయల్దేరాను. మంచు దట్టంగా పడుతోంది. స్వెట్టరు, దాని మీద శాలువా, తలకి మఫ్లరు, ఇన్ని చుట్టుకున్నా పళ్ళు టకటకలాడుతున్నాయి. వాళ్ళ ఊరు దగ్గరికి రాగానే ఉండబట్టలేక స్కూటీ పక్కకి తిప్పాను. ఎప్పుడూ ఫోన్ చేసి పోయేదాన్ని, ఆ రోజు చేయలేదు.

షెడ్డు ముందు నిలబడి నా కళ్ళు నేనే నమ్మలేదు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. హీటర్ ఆపేసి ఉంది. నేలంతా నీళ్ళు చల్లి ఉంది. మధ్యలో చెంగమ్మ, ముఖం ఎర్రగా కందిపోయి, మెడ మీంచి చెమట కారుతుంటే కొంగుతో విసురుకుంటోంది. థర్మామీటర్ ఇరవైకి కింద ఎక్కడో ఉంది.

“చెంగమ్మక్కా! ఏం పని ఇది?”

“అబ్బ, ఏం ఉడకపోత మేడం ఈడ! నాకే ఇట్ల కాగిపోతాంటే, నోరు లేనివి అవెట్ల తట్టుకుంటాయి పాపం?”

నేను శాలువా ఇంకొంచెం బిగించుకున్నాను. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది, నేనూ అంతే. కాసేపటికి ఆమె విసురుకోవడం ఆగింది. చెమట ఆరింది. భుజాలు ముడుచుకుని, “ఇదేంది, ఉన్నట్టుండి సలి పుడతాండాదే” అంటూ పోయి ఒక్కొక్క కిటికీ మూయడం మొదలుపెట్టింది. హీటర్ మళ్ళీ వేసింది.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. వేడి షెడ్డులో లేదు, ఆమె ఒంట్లో ఉంది. ఆ వేడి పుట్టినప్పుడల్లా పాపం పురుగుల మీద జాలితో కిటికీలు తెరుస్తోంది, అది తగ్గగానే మూస్తోంది. రోజుకి ఎన్నిసార్లో. పురుగులకి ఒక పూట ఎండాకాలం, ఒక పూట చలికాలం. ఎగుడుదిగుడు కాక ఏమవుతాయి!

పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, ఎన్నాళ్ళ నుంచి ఇలా అని.

“ఏడెనిమిది నెలలుగా మేడం. గుండెల్లో నించి సెగ లేసి మొకానికి కొడతాది. సెమటలు పోస్తాయి. పోతాది. మల్లా వస్తాది. ఊర్లో సూదేసే ఆయన దగ్గిరికి పోతే జొరమని మాత్రలిచ్చినాడు. తర్మామీటర్లో మాత్రం పడేలేదు. టైపాయిడ్ పరీక్ష గూడా చేయించినాడు. ఒక దినం నూనె మానేయమంటాడు, ఒక దినం పెరుగు తినమంటాడు.”

“ఇంట్లో చెప్పినావా?”

“ఏమని చెప్పేది? జొరం అంటే జొరం లేదంటారు. సెగ అంటే నవ్వుతారు.”

నేను పురుగుల డాక్టర్నే గానీ మనుషుల డాక్టర్ని కాను. అయినా అనుమానం వచ్చింది. మూడు రోజుల తర్వాత పురుగులు నాలుగో జ్వరంలో పడ్డాయి. జ్వరంలో మేత ఉండదు కాబట్టి రైతు ఇంటి ఆడవాళ్ళకి కాస్త తీరిక దొరికేది ఆ ఒక్క రోజే. చెంగమ్మని బలవంతంగా మదనపల్లె తీసుకుపోయాను. నాకు తెలిసిన నర్సు ఒకామె అక్కడ ఆసుపత్రిలో పనిచేస్తుంది, గ్రేసమ్మ సిస్టర్. రిటైర్మెంటుకి దగ్గర పడినా గొంతు మాత్రం వార్డంతా వినిపిస్తుంది.

బీపీ చూస్తూ సిస్టర్ అడిగింది, “ఏమ్మా, అట్ల గడియారం సూస్తాండావు? అంత తొందరేంది?”

“బిరీన పోవాల సిస్టర్. ఇంటికాడ నాలుగో జొరంలో ఉండాయి” అంది చెంగమ్మ.

సిస్టర్ చేయి ఆగిపోయింది. “నాలుగోసారి జొరమా? ఇంటికాడ పెట్టుకోని కూసున్నారా? బుద్ధుందా మీకు? ఎంతమందికి?”

“ఈతూరి కొంచెమే సిస్టర్, నలభై వేలు ఉంటాయి.”

సిస్టర్ నోరు తెరిచి నా వైపు చూసింది. నాకు నవ్వు ఆగలేదు, గోడకి ఆనుకుని నవ్వాను. విషయం చెప్పేసరికి ఆమె కూడా కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత మాత్రం విడిచిపెట్టలేదు, ఆరాలు తీసింది. పురుగులకి జ్వరమేమిటి, ఎందుకొస్తుంది, మందేమిటి అని. చెంగమ్మ ఓపిగ్గా చెప్పింది. “మందు లేదు సిస్టర్. అది రోగం కాదు గదా. పెరిగేటప్పుడు వస్తాది, దానంతట అది పోతాది. ఆ యాళ కదిలించకుండా, గాలి వెలుతురు సరిగ్గా సూసుకుంటే సాలు.”

సిస్టర్ ఆమె చేయి పట్టుకుంది. “అయితే నీకు నేను కొత్తగా చెప్పేదేముండాది తల్లీ? నీకూ వచ్చింది అదే.”

డాక్టరమ్మ థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించి, ఇంకే జబ్బూ లేదని తేలాకే మాట ఖాయం చేసింది. ముట్లు ఆగిపోయే వయసులో ఒంట్లో హార్మోన్లు తగ్గుతాయి. వేడిని చల్లదనాన్ని సరిచూసే మెదడులోని భాగం అప్పుడు తికమక పడుతుంది. ఒంట్లో వేడి లేకపోయినా ఉందనుకుని చెమటలు పట్టిస్తుంది. వీటిని హాట్ ఫ్లషెస్ అంటారు, తెలుగులో వేడి ఆవిర్లు. నెలసరి దారి తప్పడమూ అందులో భాగమే. కాఫీ, టీలు తగ్గించమంది, పల్చటి నూలు బట్టలు కట్టుకోమంది. మరీ ఓర్చుకోలేకపోతే మందులు ఉన్నాయనీ, అవి తన చేత చూపించుకున్నాకే వాడాలనీ చెప్పింది. చెంగమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. “అంటే నా తర్మామీటరు చెడిపోయిందా డాక్టరమ్మా?”

“కొంతకాలమే. అప్పటిదాకా గోడమీది దాన్ని చూసుకో” అంది డాక్టరమ్మ నవ్వుతూ.

పుంగనూరు బస్సులో తిరిగొస్తున్నాం. నేనైతే కేసు తేలిపోయిందన్న సంబరంలో ఉన్నాను. చెంగమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

“మేడం, మీకొకటి చెప్పాల. కార్తీకంలో మొదటి పంట పోయిందే, అప్పుడు నేను షెడ్డులోనే ఉండాను. మేతేస్తాండంగానే అయిపోయింది. మూడు నెలలుగా రాలేదు గదా, ఇంక రాదనుకున్నా. ఎవురికీ చెప్పలేదు. అత్త అనేది నిజమే మేడం. నావల్లనే పోయినాయి.”

ఆమె ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇన్ని నెలలూ ఆ మాట లోపల పెట్టుకుని, అత్త తిట్టినప్పుడల్లా ఒప్పేసుకుంటూ ఉంది మనిషి.

“అక్కా, సలికాలం రాకముందు నువ్వు కిటికీలు తెరిసినా ఏం కాలేదు గదా. అవి సలికి పోయినాయి. ముట్టుకి కాదు” అన్నాను.

“మీరు సదువుకున్నోళ్ళు, అట్లనే అంటారు.”

“పై పంటకి సూద్దాం అయితే.”

మూడో పంట సగం దక్కింది. నాలుగో పంటకి నేను రెడ్డెప్పతో గట్టిగా మాట్లాడాను. కిటికీలు, హీటర్ పూర్తిగా అతని వంతు, థర్మామీటర్ చెప్పినట్టే చేయాలి. మేత, పడకలు, జ్వరాల లెక్క చెంగమ్మ వంతు. ఆమెకి సెగ పుడితే ఆమే బయటికొచ్చి నిలబడాలి గానీ షెడ్డు కిటికీ ముట్టకూడదు. నాగమ్మ ససేమిరా అంది. “పంట పోతే ఈ సర్కారు పిల్ల ఇస్తాదా?” అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఈ ఒక్క పంటే, ఇది పోతే ఇక నేనే చెంగమ్మని లోపలికి పోనివ్వనని ఒప్పందం చేసుకుని బయటపడ్డాను.

నాలుగో జ్వరం లేచిన రోజు మధ్యాహ్నం ఫోను. చెంగమ్మ గొంతు గుసగుసగా ఉంది.

“మేడం, వచ్చేసింది. లోపలే ఉండాను. ఏం జేసేది?”

నిజం చెప్తున్నాను, నేనూ భయపడ్డాను. చదివిన చదువంతా ఒకవైపు ఉంది. మా కుప్పం ఇంట్లో నెలనెలా నేను కూర్చున్న మూల ఒకవైపు ఉంది. సరిగ్గా ఈ పంటకే రావాలా అని తిట్టుకున్నాను కూడా. ఏ కారణంతో పోయినా సరే, ఈ పంట పోతే ఆమె ఇక ఆ గడప తొక్కే వీలుండదు.

“నీకేమనిపిస్తాండాదక్కా?” అన్నాను చివరికి.

“జొరం లేసి ఆకలితో ఉండాయి మేడం. కొమ్మలు కోసి పెట్టినా. మేతేళ దాటిపోతాండాది.”

“అయితే పోయి మేతెయ్యి.”

ఆ వారమంతా నేను వాళ్ళ ఊరి వైపు పోలేదు. ధైర్యం చాలలేదు. పురుగులు పండి గూడు కట్టడానికి సిద్ధమయ్యాయనీ, చంద్రికల మీదికి, అంటే గూళ్ళు అల్లే తట్టల మీదికి ఎక్కించామనీ రెడ్డెప్ప చెప్తే గానీ ఊపిరి పీల్చుకోలేదు.

గూళ్ళు విడదీసే రోజు పోయాను. వసారాలో చాపలు పరిచి అందరూ కూర్చుని తీస్తున్నారు. తెల్లటి గూళ్ళు, గట్టివి, ఒక్క సైజువి. నేను కూడా కూర్చున్నాను. నాగమ్మ ముఖం వెలిగిపోతోంది.

“సూసినావా సర్కారు పిల్లా? ఈతూరి ముట్టు సోకలేదు, పంట ఎట్ల పండిందో సూడు!” అంది.

నేను నోరు తెరవబోయి మానుకున్నాను. చెప్పాల్సింది నేను కాదు. చెంగమ్మ చేతులు ఆపకుండానే అంది, “సోకింది అత్తా.”

రెడ్డెప్ప చేతిలోని చంద్రిక అలాగే ఉండిపోయింది.

“నాలుగో జొరం లేసిన పొద్దు, లోపలుండంగానే. ఆ దినమే కాదు, ఆ ఐదు దినాలూ నేనే మేతేసినా. కార్తీకంలో పోయింది సలికి. నాకు ఒంట్లో సెగ పుట్టి నేను కిటికీలు తెరిసినా, అందుకు పోయింది. తప్పు నాదే, కానీ మీరనే తప్పు కాదు.”

నాగమ్మ ఇప్పుడు విరుచుకుపడుతుందనే అనుకున్నాను. ఆమె ఒక గూడు తీసుకుని వేళ్ళతో నొక్కి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. ఇంకొకటి తీసుకుంది. దాన్నీ అలాగే చూసింది.

“మా నాయనింట్లో తట్టల్లో మేపేటోళ్ళం” అంది, ఎవరితోనూ కానట్టు. “నాలుగో జొరం లేసి మేస్తాంటే ఇల్లంతా సన్నంగా వాన పడినట్టు సప్పుడు. నెలకి ఐదు దినాలు నేను బయట కూసోని ఆ సప్పుడు ఇంటాంటి. లోపలికి పోవాలని పానం కొట్టుకుంటాండె. పోతే సస్తాయని చెప్పిరి.”

నా వైపు తిరిగింది. “సావవా?”

“సావవు నాగమ్మవ్వా.”

“సావవా” అంది మళ్ళీ. ఈసారి అడగలేదు.

ఇప్పుడు నేను బదిలీ మీద కుప్పంలోనే చేస్తున్నాను. చెంగమ్మ సెగలు రెండేళ్ళకి తగ్గాయట, షెడ్డు ఆమెదే. పంట పోయిందని ఫోను వస్తే నేను ఎప్పటిలాగే ఆకు చూస్తాను, గుడ్లు ఎక్కడివో అడుగుతాను, థర్మామీటర్ చూస్తాను. ఆ పని అయ్యాక మేత వేసే ఆడమనిషి పక్కన కూర్చుని, “నీ ఒంట్లో ఎట్లుండాదక్కా?” అని అడుగుతాను. మగవాళ్ళు ఉంటే ఉండనీ, వాళ్ళూ వినాలి. పంట చెడితే పురుగునీ ఆకునీ గాలినీ అనుమానించాలని మాకు శిక్షణలో నేర్పారు. మేపే మనిషిని నిందించకుండా అడగడం ఎవరూ నేర్పలేదు, చెంగమ్మ దగ్గర నేర్చుకున్నాను. అడిగితే మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. తర్వాత పని పక్కన పెట్టి నా వైపు జరిగి కూర్చుంటారు.